నోట్లో బానిత్సా, చేతిలో పెట్టె

ప్రాగ్, మంగళవారం

నానమ్మా,

క్షేమంగా చేరాను, గది దొరికింది, ముందు ఆ దిగులు మానెయ్యి. బుకింగ్ ఖాయమైనట్టు కబురు రాలేదని రైల్లో దారంతా నీకంటే నేనే ఎక్కువ భయపడ్డాను. హోటల్లో అడుగుపెట్టేసరికి నువ్వు జున్ను పెట్టి కాల్చి కట్టిచ్చిన బానిత్సా నా నోటినిండా ఉంది. కౌంటర్ దగ్గరి పెద్దాయన "గది బుక్ చేసుకున్నావా అమ్మా?" అన్నాడు. అవునని, మన ఇంట్లోలాగే తల అడ్డంగా ఊపాను. ఆయన ముఖం వాడిపోయింది. "ఏమీ చేసుకోకుండానే వచ్చేశావా?" అన్నాడు. అయ్యో కాదని తల గట్టిగా పైకీ కిందికీ ఆడించాను. "అయితే కష్టం తల్లీ, ఊరంతా నిండిపోయింది" అంటూ నా పెట్టెను తలుపు వైపు తిప్పాడు! ఇష్టంగా నేర్చుకున్న చెక్ మాటల్లో ఒక్కటైనా బయటికి రావాలంటే ముందు ముద్ద లోపలికి పోవాలి కదా. ఎలాగో మింగి, "రాలిత్సా దోబ్రెవా! బుక్ చేశాను!" అని అరిచాను.

వెతికి చూసి ఆయన పగలబడి నవ్వాడు. "పేరుంది! మరి రెండుసార్లూ లేదన్నావేం? బల్గేరియా పిల్లవా? ఆ మాట ముందే చెప్పొద్దూ!" ఇక్కడ అడ్డంగా ఊపితే కాదని, నిలువుగా ఊపితే అవునని అర్థమట. "నది కనిపించే గది ఇవ్వనా?" అన్నాడు. తల ఊగకుండా రెండు చేతులతో పట్టుకుని "ఇవ్వండి" అన్నాను.

మిరపకాయలు కాల్చడం అయిందా? అమ్మకు సాయంగా అత్త వచ్చిందా? చూబ్రిత్సా పొడి మరిచిపోయాను, కొంచెం పంపండి, ఇక్కడి సూప్ చప్పగా ఉంది. నేను బయల్దేరేటప్పుడు ప్రయాణం సాఫీగా సాగాలని నువ్వు గుమ్మంలో పోసిన నీళ్లు పనిచేశాయి. అమ్మకు నా ముద్దులు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? తల ఊపి ఊరుకోకు, మాటల్లో రాసి పంపు.

నీ రాలిత్సా