నా గుండె బొమ్మకు తెల్లకాగితం అంటించినవారికీ, మిగతావారికీ

జీవశాస్త్రం చెప్పి రిటైరైన నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతానికీ లొంగకుండా రాసుకున్న వీలునామా ఇది. తెలివి సంగతికి డాక్టరు కాగితం ఇచ్చాడు. బలవంతం సంగతి మా అల్లుణ్ణి అడగండి, చేసి చేసి అలసిపోయాడు.

1. అల్లుడు పాఠ్యపుస్తకాల కంపెనీలో అనుమతులు అమ్మే విభాగానికి పెద్ద. పాఠాల కోసం నేను గీసిన బొమ్మలన్నిటి మీదా కాపీరైటు కంపెనీకి రాసిమ్మని వచ్చినప్పుడల్లా, “ఒక్క సంతకం అత్తయ్యా, మిగతాది మేం చూసుకుంటాం” అంటాడు. మీరు చూసుకున్న తీరు చూశాం కదా నాయనా. నేనిచ్చింది మీ పుస్తకం ఒక్క ముద్రణకు అనుమతి. మీవాళ్లు బొమ్మల కింద తమ ముద్ర కొట్టుకుని, పరీక్ష పేపర్లో నా గుండె బొమ్మ వేసినందుకు మా బడికే నోటీసు పంపారు. గీసిందీ నేనే, పేపరు తయారుచేసిందీ నేనే, దొంగనూ నేనేనట. అల్లుడికి ఈ పేరాయే ఆస్తి.

2. మా హెడ్మాస్టరుకు తెల్లకాగితాల కట్ట ఒకటి. పాఠానికీ పరీక్షకూ అనుమతి అక్కర్లేదని చట్టంలోనే ఉంది. ఆ పేజీ తెరిచి ఆయన ముక్కు కింద పెట్టాను. “మనకెందుకమ్మా ఈ తలనొప్పి” అని, తర్వాతి పరీక్షకు ప్రతి పేపర్లోనూ బొమ్మ మీద తెల్లకాగితం అంటించాడు మహానుభావుడు. కింద ప్రశ్న మాత్రం ఉంచేశాడు: పై బొమ్మలోని భాగాలను గుర్తించండి. పిల్లలు బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు.

3. వెనక బెంచీ అమ్మాయి ఒకతి మాత్రం ఎవరినీ ఏమీ అడగకుండా, ఆ తెల్లకాగితం మీద గుండె తానే గీసి భాగాలన్నీ రాసింది. కింది ఎడమ గది గోడ మందంగా ఉండాలని నేను చెప్పింది మర్చిపోలేదు. ఇప్పుడు తనూ టీచరే. నా కుంచెలు, ఇంకు సీసాలు, కిటికీ దగ్గరి బల్ల ఆమెకు. బల్ల ఊగకుండా ఒక కాలి కింద కంపెనీ నోటీసు మడిచి పెట్టాను, తీయొద్దని చెప్పండి.

4. బొమ్మల మీద హక్కు నా కూతురికి. అయితే ఏ బడిలో, ఏ టీచరైనా వాటిని కాపీ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, గోడకు అంటించుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు, కింద నా పేరుంటే చాలు. ఆ అనుమతి రాసిన లైసెన్సు మీద ఈరోజే సంతకం చేసి జతపరిచాను. రేపు హక్కు ఎవరి చేతిలో పడ్డా, దాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు. తల్లీ, మీ ఆయనకూ నాకూ మధ్య నలిగిపోయావు. ఆయనకు కాదని చెప్పే పని నీకు లేకుండా చేశాను.

5. వీటిని అమలుచేయాల్సింది మా లెక్కల టీచరు. ఏ విషయంలోనూ నాతో ఏకీభవించని మనిషి గనక నమ్ముతున్నాను.

6. తల్లీ, నీ చిన్నప్పుడు జ్వరంతో నా ఒళ్లో పడుకున్నప్పుడు గీసిన నీ అరచెయ్యి బొమ్మ బీరువా పై అరలో ఉంది. అది నీ ఒక్కదానికే. దానికి లైసెన్సు లేదు. మీ ఆయన అడిగినా, బడివాళ్లు అడిగినా, దాని కాపీ ఎవరికీ ఇవ్వకమ్మా.

తేదీ: 3 జూలై 2024
సంతకం: జీవశాస్త్రం టీచరు
సాక్షులు: జెరాక్స్ షాపు ఆయన, పైన చెప్పిన డాక్టరు