నన్నెవరూ పిలవని ఆట

నవంబర్ 2, ఆదివారం

మా ఆయన మేనత్త కొడుకు గవర్రాజు కొత్త ఆట పట్టుకొచ్చాడు. పోయిన నెలంతా గోల్ఫ్‌లో స్క్రాంబుల్ ఆడాం. నలుగురం కొట్టి, ఎవరి బంతి బాగా పడితే అక్కడి నుంచే అందరం మళ్ళీ కొట్టడం. అది బోరు కొట్టేసిందట. మాటిమాటికీ నా బంతి దగ్గరికి నడవాల్సొచ్చింది కదా, అందుకు బోరు!

ఈ కొత్త ఆట పేరు వుల్ఫ్. ఒక్కో హోల్‌కి ఒకరు వుల్ఫ్. మిగతా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు కొడతారు. బంతి పడగానే, నచ్చితే వుల్ఫ్ ఆ మనిషిని పార్ట్‌నర్‌గా పిలవాలి. అప్పుడు పిలవకపోతే ఇక అంతే, తర్వాతి మనిషి. ఎవరూ నచ్చకపోతే ముగ్గురి మీదా ఒంటరిగా ఆడాలి.

నన్ను ఒక్కరూ పిలవలేదు. కొత్త కదా, పోనీలే అనుకున్నాను.

నవంబర్ 9, ఆదివారం

మళ్ళీ అంతే. ఒక హోల్‌లో నా బంతి అందరికన్నా దూరం పోయింది. గవర్రాజు వుల్ఫ్. బంతిని చూశాడు, మా ఆయన్ని చూశాడు, సముద్రంలో ఓడని చూశాడు. బావ ఉండగా అక్కని నాను పిలవడమేటి, బాగోదు అన్నాడు. బంతికి బావేంటి, అక్కేంటి? మా ఆటలో నాలుగో మనిషి నరసింహమూర్తి గారు, స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన పెద్దమనిషి. అమ్మాయి భలే కొట్టింది అని చప్పట్లు కొడతారు. పిలవరు.

నవంబర్ 12, సాయంత్రం

ఆఫీసుకి లేటైనా సరేనని పొద్దున్నే ప్రాక్టీసు రేంజ్‌కి వెళ్ళి బకెట్ బంతులు కొట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. పోర్టులో సంతకాలు పెట్టడానికి పెన్ను పట్టుకోలేకపోయాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బంతి చూసి పిలిస్తే చాలు నాకు.

నవంబర్ 16, ఆదివారం మధ్యాహ్నం

ఒళ్ళు మండిపోతోంది.

మా ఆయనే వుల్ఫ్. నా జన్మలో అలా కొట్టలేదు. ఎదురుగాలిలో కూడా బంతి తిన్నగా వెళ్ళి నట్టనడుమ పడింది. నరసింహమూర్తి గారు ఈల వేశారు, ఆ వయసులో! మా ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. నెక్స్ట్ అన్నాడు. తర్వాత గవర్రాజు కొట్టాడు, పొదల్లోకి పోయింది. మా ఆయన అతన్ని పిలిచాడు. పొదల్లో ఉన్నవాణ్ణి!

కార్లో అడిగాను. పెళ్ళాన్ని పిలిస్తే ఆళ్ళు నవ్వరేటి అన్నాడు. పూర్ణా మార్కెట్‌లో మిర్చి వ్యాపారం ఈయనది. శాంపిల్ చూడందే బస్తా కొనడు. నాది కళ్ళారా చూసి కూడా వద్దన్నాడు. ఏడుపొచ్చింది. ఆట కోసం ఏడుస్తున్నానని సిగ్గు కూడా వేసింది. నలుగురిలో ఈ మనిషి నేను కావాలని అంటే ఏం పోయింది?

నవంబర్ 17

ఉప్మాలో ఉప్పెక్కువైందన్నాడు. నెక్స్ట్ అన్నాను.

నవంబర్ 23, ఆదివారం

ఇవాళ మా ఆయన వుల్ఫ్ అయిన హోల్‌లో నేనింకా క్లబ్ ఎత్తనేలేదు, నా పార్ట్‌నర్ ధనశ్రీయే అని నా పేరు పెట్టి అరిచాడు. గవర్రాజు ఒకటే నవ్వు. బంతి పడ్డాక కదా పిలవాలి! ముందే పిలిస్తే అది జాలి కాక ఇంకేంటి? ఆ కోపానికి నా బంతి నీళ్ళలోకి పోయింది. పర్నేదులే అని భుజం తట్టాడు. ఆ క్లబ్బుతోనే ఒక్కటివ్వాలనిపించింది.

ఆఖరి హోల్‌కి నేను వుల్ఫ్. మా ఆయన కొట్టాడు. అబ్బ, ఏం కొట్టాడు! ఇన్నేళ్ళలో అంత మంచి షాట్ నేను చూడలేదు. బ్యాగ్ భుజాన వేసుకుని నవ్వుకుంటూ నా పక్కకి వచ్చేస్తున్నాడు.

పిలవలేదు. ఆ ఇద్దర్నీ కూడా పిలవలేదు. ఒక్కదాన్నే ఆడాను. చిత్తుగా ఓడిపోయాను.

నవంబర్ 24, పొద్దున్న

అంత బాగా కొడితే నన్నెందుకు పిలవనేదే అని అడుగుతున్నాడు. ఇది మూడోసారి. ఇడ్లీ ముట్టుకోలేదు. చట్నీ వేశాను.