నీ పంచె చింపాను

బావా, నీ చిరునామా ఎవరికీ తెలియదు కాబట్టి ఈ ఉత్తరం నీకు చేరదు. విమానాల దగ్గర పని దొరుకుతుందని యుద్ధం రోజుల్లో మద్రాసు పోయావే, అలాంటి విమానమొకటి నిన్న మన కమలాపురం కొర్రచేలో దిగింది. గాల్లో ఉండగా ముందరి అద్దం పగిలి, నడిపే ఆయన ముఖమంతా గాజుముక్కలు. అయినా లోపలున్న అందరినీ క్షేమంగా దించాడు. ఆయనకు కట్టు కట్టడానికి నువ్వు పోయేముందు నేసిపెట్టిన కొత్త పంచె చింపాను.

"నా కొడుకు పంచె చింపుతాండావా? వాడొస్తే ఏం కట్టుకుంటాడే?" అని మీయమ్మ మీదికొచ్చింది. నువ్వు బతికే ఉన్నావంటూ, ఏటా పెద్దల పండక్కి ఆ పంచెను పోయినవాళ్ళ బట్టల్లో పెట్టనివ్వనిది ఆమే.

"వచ్చినప్పుడు చూద్దాంలే అత్తా" అన్నాను.

కళ్ళల్లో నెత్తురుతో ఆయన ఆకాశంలోంచి దిగొచ్చాడు. మద్రాసులో రైలెక్కి రావడానికి నీకేం రోగం?