డిస్కోలో మామ కేక

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇవాళ్టి నుంచి నా జీవితం వేరు. రాసి పెట్టుకుంటున్నాను!

సంగతేమిటంటే, మా మరదలు చిట్టి పెళ్లి 23న. మా పాళెంలోనే, సముద్రం ఒడ్డు ఇసకలో షామియానా. నగలడగలేదు, చీరలడగలేదు. వాళ్ల నాన్న పెళ్లిలో ఒక్క వలపాట పాడాలట, అంతే. మా మామ ముత్యాలయ్య ఒకప్పుడు పెద్దవల లాగేటప్పుడు పాట చెప్పే మనిషి. ఆయన కేకేస్తే ఒడ్డునున్న వాళ్లంతా ఒక్కసారి లాగేవాళ్లు. పడవలు లాగడానికి ట్రాక్టరొచ్చాక పాట మానేశాడు. "ట్రాక్టరుకి పాటెందుకబ్బా?" అంటాడు.

"బావా, నువ్వే ఎట్టయినా పాడించాల. నాయన్ని అడగాలంటే నాకు భయం," అంది చిట్టి.

పాడిస్తానని మాటిచ్చాను. అర్మాన్ ఆర్కెస్ట్రాలో కీబోర్డు నాదే కదా! వెనకాల మంచి తాళం పడితే ఏ గొంతు ఊరుకుంటుంది? ఆ ముక్కే భోజనాల దగ్గర అంటే మామ నవ్వాడు.

"నువ్వు వాయించేదేముండాది అల్లుడా? బటన్ నొక్కుతావు. మిగతాదంతా అదే వాయించుకుంటాది."

అత్త ముందు, నా భార్య భవాని ముందు! ఒళ్లు మండింది. నిజమే, స్టైల్ బటన్ నొక్కితే డ్రమ్ములు, బేసు అన్నీ అదే వాయిస్తుంది. అయితే ఏం? ఆ స్టైలే నేను తయారుచేస్తా. ప్రతిజ్ఞ:

ఒకటి. కీబోర్డుతో వచ్చిన స్టైళ్లు ముట్టను. డిస్కో అసలే ముట్టను.

రెండు. వలపాటకి సొంత స్టైల్, సొంత శబ్దాలు.

మూడు. కొట్టు నుంచి రాగానే సాధన. టీవీ లేదు.

డిస్కో బటన్ మీద ప్లాస్టర్ ముక్క అంటించేశాను. శుభం.

ఫిబ్రవరి 3, సోమవారం

అద్భుతం! ఈ కీబోర్డులో ఇన్ని ఉన్నాయని ఇన్నేళ్లూ తెలీదు. డ్రమ్ కిట్‌లో ఒక్కో కీ మీద ఒక్కో శబ్దం ఉంటుంది. అది తీసేసి మనం ఫోన్లో రికార్డు చేసింది ఎక్కించుకోవచ్చు. మధ్యాహ్నం రొయ్యల మేత కొట్టులో బేరాల్లేవు. బయటికెళ్లి ఖాళీ చేపల ట్రే మీద కొట్టి రికార్డు చేశాను. అదే నా పెద్ద డ్రమ్ము. సాయంత్రం అల వెనక్కి పోయే చప్పుడు పట్టుకున్నాను. అది తాళం చిప్పల బదులు.

ట్రే, అల, ట్రే ట్రే, అల. భవాని వంటింట్లోంచి తొంగిచూసి, "ఎవురో మెట్ల మీంచి పడినట్టుండాది," అంది. కళాకారుడికి మొదటి శత్రువు ఇంట్లోనే ఉంటుంది.

ఫిబ్రవరి 5, బుధవారం

బంగారం దొరికింది! పొద్దున ఒడ్డున ట్రాక్టరు ఇసకలో దిగబడింది. అందరూ చేతులేసి తోస్తున్నారు, కదల్లేదు. మామకి చూసి చూసి చిరాకొచ్చింది. "ఐలేసా!" అని ఒక్క కేకేశాడు. ట్రాక్టరు బయటికొచ్చేసింది! నా ఫోన్ అప్పటికే ఆన్‌లో ఉంది. అల కోసం పెట్టుకున్నది, అందులో మామ కేక పడింది.

ఇంటికొచ్చి ఆ కేకని డ్రమ్ కిట్‌లో గంట శబ్దం ఉన్న కీ మీద ఎక్కించాను. గంట పోయింది, మామ వచ్చాడు. నొక్కితే "ఐలేసా!" వాల్యూం పెంచితే అత్త పేరమ్మ రెండిళ్ల అవతల నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది? ఆయన యాడున్నాడు?"

భవానికి నచ్చలేదు. "మనిషిని అడగకుండా మనిషి గొంతు ఎత్తకొస్తావా?" పెళ్లయ్యాక చెప్తానన్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

స్టైల్ పూర్తి. పేరు: వల-1. మామని కుర్చీ వేసి కూర్చోబెట్టి వినిపించాను, కేక మాత్రం తాళంలో కలపకుండా. ఆయన కళ్లు మూసుకున్నాడు. వేలు తొడ మీద ఆడింది! అంతలో వేలు ఆగిపోయింది.

"ఇది అల కోసం ఆగదా?"

"ఆగదు మామా. తాళం కదా."

"అల రాకముందే లాగితే వల రాదు గదా. చేతులు పోతాయి."

"ఇక్కడ వల లేదు మామా. పాటే."

"అదే చెప్తుండా," అని లేచి టీ తాగడానికి పోయాడు.

పర్లేదు. ఆగే తాళం కూడా తయారుచేస్తాను. ఇంకా బోలెడు రోజులున్నాయి.

ఫిబ్రవరి 11, మంగళవారం

కుదర్లేదు. కారణాలు నా చేతిలో లేవు:

తోటపల్లి గూడూరులో చెరువులన్నిటికీ ఒకేసారి మేత కావాలంట, రొయ్యలకి ఇప్పుడే ఆకలేసినట్టు. నడుము పట్టేసింది.

ఉప్పుగాలికి వాల్యూం మీట బిగుసుకుంది. సంగీతానికి సముద్రం పక్క ఇల్లు పనికిరాదు.

సీరియల్‌లో ఆ పిల్ల నిజం చెప్పేసే రోజు ఇవాళే. భవాని ఒక్కతే చూస్తే బాగుండదు.

ఒకసారి అల కోసమని తాళం మధ్యలో ఒక ఆవర్తం ఖాళీ వదిలి చూశాను. ఆ ఖాళీలో కీబోర్డు పాడైపోయిందనుకుని భవాని వచ్చి ప్లగ్ కదిలించింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

అర్మాన్ వచ్చాడు, పెళ్లి పాటల రిహార్సల్‌కి. వల-1 వినిపించాను. మర్యాదస్తుడు, చివరిదాకా విన్నాడు.

"బాగుందన్నా. దీనికి చిందేసేదెట్టా?"

"ఇది చిందుకి కాదు."

"పెళ్లి గదన్నా! పెళ్లికొడుకు స్నేహితులు ముత్తుకూరు నుంచి వస్తుండారు, డిస్కో లేకపోతే మనల్ని వాళ్ల ఊరు దాకా ఎగతాళి చేస్తారు."

ప్లాస్టర్ పీకాను. అయితే ఒక సంగతి. నేను డిస్కోని ఉన్నదున్నట్టు వాడలేదు. కాపీ చేసి, దాని డ్రమ్ కిట్ తీసేసి నా కిట్ పెట్టాను. ట్రేలు మోగుతున్నాయి. కాబట్టి ఇది నా సొంత స్టైలే. ప్రతిజ్ఞ చెడలేదు. న్యాయంగా చూస్తే ఇంకా బలపడింది.

ఫిబ్రవరి 17, సోమవారం

కొత్త డిస్కోని సేవ్ చేస్తుంటే, కీబోర్డు ఏదో అడిగింది. అవునన్నాను. అది వల-1 మీదే సేవ్ అయింది. వల-1 పోయింది. ట్రే, అల వరస, మధ్యలో ఖాళీ, అన్నీ! మిగిలింది డిస్కోలో పెట్టిన నా కిట్ ఒక్కటే.

బాధపడాలి. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది. సాయంత్రమంతా డిస్కో వాయించుకున్నాను. భవాని కూడా వంటింట్లో కాలు కదిపింది, నేను చూడలేదనుకుంది.

ఫిబ్రవరి 20, గురువారం

చిట్టి పసుపు చేతులతో వచ్చింది. "బావా, నాయన ఏ పాట పాడతానన్నాడు?"

ఏం చెప్పను? "అదింకా ఆలోచిస్తున్నాడు," అన్నాను. దాని మొహం వెలిగిపోయింది. అది చూసి నాకు అన్నం సయించలేదు. సిగ్గేసింది.

సాయంత్రం మామ దగ్గరికెళ్లాను. ముందు మాట దొర్లించాలని, "మామా, గొంతెట్టా ఉంది?" అన్నాను. "గొంతుకేమి, దగ్గు మందు తాగినా," అన్నాడు. ఇంకేం అడగాలో తోచక వచ్చేశాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

పెళ్లి అయింది. వరుసగా రాస్తాను.

ముహూర్తం పొద్దున్నే చక్కగా జరిగింది. మధ్యాహ్నం భోజనాలు, మా ఆర్కెస్ట్రా. గాలి లేచింది. షామియానా ఒకవైపు మేకులు ఊడాయి. మళ్లీ దిగ్గొట్టేదాకా గంగులయ్య, చిన్నపోలయ్య, ఇంకో నలుగురు తాళ్లు పట్టుకుని నిలబడ్డారు. అందరూ ఒకప్పుడు మామ పాటకి వల లాగినవాళ్లే.

ముత్తుకూరు కుర్రాళ్లు "డిస్కో!" అని అరిచారు. నొక్కాను. ఊపు! ఇంకా ఊపు కావాలని, డిస్కోలో అప్పటిదాకా వాడని నాలుగో రకం తాళం నొక్కాను. అందులో గంట మోగుతుందన్న సంగతి, ఆ గంట ఉండాల్సిన చోట మామ ఉన్నాడన్న సంగతి నాకు గుర్తే లేదు.

"ఐలేసా!"

పందిరంతా మామ వైపు చూసింది. మామ నోటినిండా తమలపాకు. ఆయన కూడా తన నోరు తానే తడుముకున్నాడు.

"ఐలేసా!"

తాళ్లు పట్టుకున్న ఆరుగురూ లాగారు. ఆలోచించి కాదు. ఆ గొంతు వినపడితే ఆ చేతులు లాగుతాయి, అంతే. నేను ఆపు బటన్ వెతుకుతున్నాను, వేలు కంగారులో వేగం పెంచేసింది. ఐలేసా, ఐలేసా, ఐలేసా! గుంజలు ఒరిగాయి. షామియానా మొత్తం నా మీద, అర్మాన్ మీద, స్పీకర్ల మీద పడింది. భోజనాల పంక్తి తప్పించుకుంది, గంగమ్మ తల్లి చల్లగా చూసింది.

గుడ్డ కింద చీకటి. కరెంటు తీగ ఊడింది. కీబోర్డు చచ్చిపోయింది. అయినా "ఐలేసా" వినిపిస్తోంది!

"అన్నా, కరెంటు లేకుండా ఎట్టా మోగుతుండాది?" అన్నాడు అర్మాన్, భయంగా.

గుడ్డ ఎత్తి చూశాను. మామ! తమలపాకు ఉమ్మేసి, పట్టు పంచె ఎగ్గట్టి, ఇసకలో నిలబడి పాట చెప్తున్నాడు. గాలి కొట్టినంతసేపూ పాట సాగదీశాడు, గాలి తగ్గగానే కేకేశాడు. పడిపోయిన గుంజలు ఒక్కొక్కటీ లేచాయి. ముత్తుకూరు కుర్రాళ్లు కూడా తాడు పట్టుకున్నారు. పందిరి నిలబడ్డాక కూడా మామ ఆపలేదు. మూడు పాటలు పాడాడు. చిట్టి అక్షింతల తలతో నిలబడి నవ్వుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా కీబోర్డు లేకుండా జరిగినందుకు కొంచెం, మిగతాదంతా సంతోషంతోనే.

ఫిబ్రవరి 25, మంగళవారం

మామ ఇంటికొచ్చాడు. తిడతాడని నేను దొడ్లోకి పోయాను. పిలిచి కూర్చోబెట్టాడు.

"నా గొంతు అందులో పెట్టినావంట."

"తప్పైంది మామా. చిట్టి కోరిక. మీరు పాడాలని. అందుకే ఈ తిప్పలన్నీ..."

"చిట్టి పాడమన్నదా?"

"అవును. అడగాలంటే దానికి భయం."

మామ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ట్రాక్టరొచ్చినాక పనికి పాట అక్కర్లేకపోయె. సరే, పోనీ అనుకున్నా. పాట కోసమే పాడమని ఒకరైనా అడుగుతారేమోనని చూసినా. ఎవురూ అడగలా, అల్లుడా. బిడ్డ ఒక్క మాట అడిగుంటే ఆ రోజే పాడుండేవాణ్ణి గదా."

మూడు వారాలు! ట్రేలు కొట్టాను, అలల్ని పట్టాను, దొంగతనం చేశాను, పందిరి పడగొట్టాను. అడగడం మాత్రం మర్చిపోయాను.

"అయితే ఇప్పుడు అడుగుతున్నా మామా. పాడతారా?"

"పాడతా. చిట్టి అత్తగారోళ్లు ఉగాదికి రమ్మన్నారు, ముత్తుకూరికి. నేను ఒప్పుకున్నా. నువ్వు వెంట వాయిస్తావని కూడా చెప్పినా."

కాబట్టి కొత్త ప్రతిజ్ఞ. ఈసారి గట్టిది. స్టైల్ ఆఫ్. పది వేళ్లతో, మామ ఆగితే ఆగుతూ, మామ లాగితే లాగుతూ వెంట వాయించాలి.

ఒకటే చిక్కు. స్టైల్ లేకుండా నేను ఇంతవరకు ఒక్క పాట కూడా వాయించలేదు. ఆ సంగతి మామకి చెప్పలేదు. రేపు పొద్దున్నే మొదలు.