నాన్న వదిలేసిన వానపాములు

ఉత్తర మిన్నెసోటా, అక్టోబరు

రైనో అన్నయ్యా, నా దగ్గు తగ్గింది, క్యాంపులో వంటపని తేలిగ్గానే ఉంది. ఇది ముందు నువ్వొక్కడివే చదువుకో. చూపు ఆనని నాన్నకి చదివి వినిపించాల్సింది చివర రాశాను.

నిన్న ఫారెస్టు ఆఫీసరు మార్తాగారితో మేపుల్ చెట్ల కిందికి వెళ్లాను. పరుపు మీద నడిచినట్టుంది. ఏళ్ల తరబడి రాలిన ఆకులు పొర మీద పొరగా, బూజుపట్టి నిదానంగా చివుకుతున్న ఆ వాసనకి, అమ్మ వెంట పూలు చూడ్డానికి వెళ్లిన రోజులు గుర్తొచ్చాయి.

"మా ఇంటి వెనక నేల ఇప్పుడు బోడిగా ఉందండీ. అమ్మ తెల్లపూలు కూడా పూయడం లేదు," అన్నాను.

ఆవిడ నవ్వింది. "మిగిలిన ఎర వానపాముల్ని చెట్లకింద వదిలే ధర్మాత్ముడెవరో ఉండుంటాడు మీ ఇంట్లో! అవి మన అడవిలో పుట్టినవి కావమ్మా. ఏళ్లు పట్టి చివకాల్సిన ఆకుల్ని ఒక్క వేసవిలో తినేస్తాయి. ఇక పూలకి పడకేదీ?"

చేపల వేట ముగిశాక నాన్న డబ్బా బోర్లించి, "పొండి, మీరూ బతకండి," అనేవాడు, గుర్తుందా? ఈసారి ఆ డబ్బా నువ్వే తీసుకుని, మిగిలిన వానపాముల్ని చెత్తలో పారెయ్యి. ఎందుకో మాత్రం చెప్పకు. ఆవిరిస్నానాల గది పొగగొట్టం బాగుచేశావా? నా ఉన్ని మేజోళ్లు పంపు.

ఇక్కణ్ణుంచి నాన్నకి చదివి వినిపించు: నాన్నా, ఇక్కడ నేల అచ్చం అమ్మ ఉన్నప్పటి మన అడవిలాగే మెత్తగా ఉంది. నువ్వు నీళ్లు పొయ్యకపోవడం వల్ల కాదట అమ్మ పూలు చచ్చిపోయింది, ఆఫీసరుగారే చెప్పారు. ఆ దిగులు మానెయ్యి. నీ తప్పేం లేదు.

హెల్మి