విమానం మీ వైపు వచ్చేటప్పుడు

ఏమండీ, సండే స్కూలు టీచర్ల మీటింగుకు వెళ్తున్నా. పప్పుచారు వేడి చేసుకోండి. మీ రిమోట్ విమానం రెక్క అతికించాను, సాయంత్రం దాకా ముట్టుకోకండి.

నిన్న అది పక్కింటి నాంచారమ్మగారి వడియాల్లో పడింది గాలి వల్ల కాదు, మీ వల్లే. దూరంగా వెళ్లేటప్పుడు రిమోట్ బాగానే తిప్పుతారు. మీ వైపు వచ్చేటప్పుడే కుడీ ఎడమా తారుమారు చేస్తారు. నేను పిల్లలకు ఎదురుగా నిలబడి కుడి చెయ్యి ఎత్తమంటూ నా ఎడమ చెయ్యి ఎత్తుతాను చూడండి, అదే లెక్క.

ఎవరూ నేర్పకుండా సొంతంగా నేర్చుకుంటానని ఫ్రెండ్సందరికీ చెప్పుకున్నారుగా, చదివాక ఈ చీటీ చింపేయండి.

మేబెల్

రేపు గ్రౌండుకు నేనూ వస్తా. మీకు ఎదురుగా, దూరంగా నిలబడతా. నా చెయ్యి ఎటు లేస్తే రిమోట్ అటు తిప్పండి. ఎవరైనా అడిగితే పిల్లలకు నేర్పే యాక్షన్ సాంగ్ ప్రాక్టీసు అంటా.