ఆలస్యంగా రావాలని ముందే వచ్చాం

మామ్మా,

నువ్వు మోసం చేశావు. నాకు చెప్పిన పాఠమే నోల్వెన్‌కూ చెప్పి, ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి, రోస్కాఫ్‌లో మన ఇంట్లో కూర్చుని వినోదం చూశావు. క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఇది చదువు.

కిందటి శరత్తులో వెన్న బిస్కెట్ల డబ్బా ఇచ్చి ఆ పిల్లను నా దగ్గరికి పంపింది నువ్వే. మన ఊరి పిల్ల, పారిస్ సంతలో చీజ్ కొట్టులో పనికి కుదిరింది, పలకరించు అన్నావు. పలకరించాను. ఆ రోజే పడిపోయాను. ఆ సంగతి నీకు రాస్తే పాఠాలు మొదలుపెట్టావు. నచ్చిన పిల్లను పలకరించేటప్పుడు అందరిలా బుగ్గకు బుగ్గ ఆనించకు, చెయ్యి మాత్రం అందించు. ఆమెను చూడకు, పక్కనున్న ఏ వస్తువునో చూడు. రమ్మన్న చోటికి ఆలస్యంగా వెళ్ళు. ప్రేమ అన్న మాట నోట రానివ్వకు. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో సగం మంది నీ వెనకే తిరిగారని తాతయ్యే ఒప్పుకునేవాడు కదా, నమ్మాను.

చలికాలమంతా కలలో నడిచినట్టు గడిచింది. పొద్దున మంచు విడుతుంటే, నేను రేకులు బిగించే ఇళ్ళ కప్పులన్నీ తడి చేపల వీపుల్లా నీలంగా మెరుస్తాయి. కింద సంతలో ఆమె తెల్లటి ఏప్రాన్ ఒక్కటే కదులుతున్నట్టుంటుంది. చేతిలో సుత్తి ఉన్న సంగతే మరిచిపోతాను. మేస్త్రి తిడతాడు. ఆ తిట్లు కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తాయి.

తీరా కిందికి దిగితే ఏముంది? ఆమె పూలమ్మే ముసలమ్మకు బుగ్గ ఆనిస్తుంది, మాంసం కొట్టు బెర్ట్రాన్‌కు ఆనిస్తుంది, చివరికి పోస్ట్‌మాన్‌కు కూడా. నా వంతు వచ్చేసరికి చెయ్యి చాపుతుంది. నేనూ చాపుతాను. ఆమె నా పక్కనున్న తక్కెడను చూస్తుంది, నేను ఆమె పక్కనున్న చీజ్ ముద్దను చూస్తాను.

"ఏరా, పొలం రిజిస్ట్రేషను చేసుకుంటున్నారా? సాక్షి సంతకం నన్ను పెట్టమంటావా?" అంటాడు బెర్ట్రాన్.

మొన్న ఆదివారం రంగులరాట్నం దగ్గర కలుద్దామనుకున్నాం. ఆమె వచ్చి నాకోసం ఎదురుచూడటం చాటునుంచి చూద్దామని, నేను ముందే వెళ్ళి టికెట్ల గుడిసె వెనక నక్కాను. చినుకులు పడుతున్నాయి. కొయ్య గుర్రాలు దీపాల వెలుగులో తేలిపోతున్నాయి. వాటిని చూస్తూ వెనక్కి జరిగితే ఎవరి వీపుకో తగిలాను.

"నోల్వెన్! ఇక్కడేం చేస్తున్నావ్?"

"ఆలస్యంగా వద్దామని ముందే వచ్చాను. నువ్వు?"

"నేనూ అందుకే."

"నీకెవరు చెప్పారు?"

"మా మామ్మ."

"జెర్మేన్ మామ్మా? అమ్మ ముసల్దానా! నచ్చినవాడు తగిలితే ఇలా చెయ్యమని, బిస్కెట్లు ఇచ్చిన రోజే నా చెవిలో ఊదింది!"

వానలో పొట్ట పట్టుకుని నవ్వాం. ఉన్నట్టుండి ఆమె ముఖం వాడిపోయింది. "అయితే నేను మురిసిపోయింది నిన్ను చూసా, మీ మామ్మను చూసా? ఇన్నాళ్ళూ చేసినవాటిలో నీ సొంతం ఏది?" అంది. యజమాని ఆమెను లియోన్ నగరంలోని కొట్టుకు మారమంటున్నాడట. నాకోసమే ఊగిసలాడిందట. శనివారం సంత ముగిశాక సరేనంటుందట. పోతూ పోతూ చెయ్యి కూడా అందించలేదు.

ఉన్ని స్వెట్టరు సరిపోయిందా అని అడిగావు. సరిపోయింది. సరిగ్గా తింటున్నావా అని అడిగావు. ఆ జవాబు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆమె రోజూ బూజు పట్టిన మేకపాల చీజ్ ముక్క కాగితంలో చుట్టి, "తిని ఎలా ఉందో చెప్పు," అంటూ ఇస్తుంది. వెన్న తప్ప ఇంకోటి ఎరగని ఇంట్లో పెరిగాను. చీజ్ వాసనకే నాకు కడుపులో తిప్పుతుందని నీకు తెలుసు. అయినా మధ్యాహ్నం పొగగొట్టం చాటున కూర్చుని, ముక్కు మూసుకుని, పొడి కూడా మిగల్చకుండా తింటాను. దిగి వచ్చి, ఎంత బాగుందో వర్ణించి చెబుతాను. అప్పుడు ఆమె ముఖంలో వచ్చే వెలుగు చూడాలి మామ్మా.

అది నాకెవరూ నేర్పలేదు. కానీ ఇప్పుడు నేను చెబితే, ఇదీ మామ్మ పాఠమేనా అంటుంది. అందుకే నువ్వే రావాలి. శనివారం సంత ఎత్తేసేలోపు ఆ కొట్టు ముందు నిలబడి, "మిగతావన్నీ నావి, ఆ చీజ్ మాత్రం వాడిది," అని నీ నోటితో చెప్పాలి.

ఏ రైలుకు వస్తున్నావో గురువారం టపాలో నాకు జవాబు అందాలి. రైలు సంగతి మాత్రమే రాయి. పాఠాలు వద్దు.

ఇట్లు,
చేతి దగ్గరే ఆగిపోయిన నీ మనవడు,
కోరంతాన్